సూది లేని చెయ్యి

మా వైపు దవాఖానకు పేషంటును చూడటానికి వచ్చినవాళ్లు ముందు మొహం చూడరు, చెయ్యి చూస్తారు. బ్రెడ్డు ప్యాకెట్టు, కొబ్బరిబొండం మంచం పక్కన పెట్టి, "ఎట్లున్నవ్?" అని అడుగుతూనే కళ్లను దుప్పటి మీదుగా మణికట్టు దాకా పోనిస్తారు. అక్కడ ప్లాస్టరు అంటించిన సూది ఉండాలి. దాని నుంచి పైకి ఒక పైపు, పైన ఒక సీసా వేలాడాలి. సీసా నిండుగా ఉంటే వైద్యం బ్రహ్మాండంగా జరుగుతున్నట్టు. అడుగంటుతుంటే, "సిస్టరమ్మా, ఒడిసిపోయింది సూడు" అని కేక వేస్తారు. అసలు సూదే లేకపోతే ఆ పేషంటును పట్టించుకునే దిక్కు లేదన్నమాట. వాళ్లు బయటికి వచ్చి ఆటో ఎక్కేలోపే ఆ మాట ఊరికి చేరిపోతుంది.

ఈ చూపుతో నేను చాలా ఏళ్లుగా కొట్లాడుతున్నాను. గెలిచానని చెప్పను. ఓడానని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

నేను మత్తు డాక్టర్ని. పటాన్‌చెరులో హైవే పక్కన ఒక మోస్తరు ఆసుపత్రిలో నా ఉద్యోగం. అక్కడ పని లేని రోజున సంగారెడ్డిలోని ఇంకో ఆసుపత్రికి కూడా పోతుంటాను. నయమై ఇంటికి పోయినవాళ్లు కోసిన డాక్టరును జీవితాంతం తలుచుకుంటారు. నన్ను "మత్తు సూది మేడం" అంటారు, అదీ గుర్తుంటే. దానికి నాకేం బాధ లేదు. మనిషి ఊపిరి నా చేతిలో ఉన్నంతసేపు నా మాట చెల్లితే చాలు. చెల్లకపోతే చెల్లేదాకా నోరు మూయను. "మొండోడు రాజు కన్న బలవంతుడంటరు, గీ పిల్లను చూస్తే మొండోడు గూడ దండం పెడ్తడు" అని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది.

పటాన్‌చెరులో నేను చేరిన కొత్తలో ఆ ఆసుపత్రిలో రెండు అలవాట్లు ఉండేవి. ఆపరేషన్ ఉన్నవాళ్లకు తెల్లవారుతూనే వార్డులో యాంటీబయాటిక్ సూది ఇచ్చేయడం మొదటిది. పుండు చీము పట్టకుండా ముందుజాగ్రత్త కోసం ఇచ్చే మందు అది. సిస్టర్లకు పని తెమిలిపోయేది. కానీ సర్జన్ నగరం నుంచి రావాలి. ఆయన కారు కంపెనీ బస్సుల మధ్య ఇరుక్కుంటే ఎప్పుడు వస్తాడో దేవుడికే ఎరుక. తీరా ఆయన వచ్చి కత్తి పట్టేసరికి, పొద్దున ఎక్కించిన మందు చాలామట్టుకు ఒంట్లోంచి దిగిపోయి ఉండేది. ఇక రెండో అలవాటు ఆపరేషన్ తర్వాతది. కుట్లు శుభ్రంగా ఉన్నా, జ్వరం లేకపోయినా, మనిషి లేచి నడుస్తున్నా సరే, రోజుల తరబడి పూటపూటా అదే మందు నరానికి ఎక్కించేవాళ్లు. ఇంటికి పోయేటప్పుడు సంచినిండా గోలీలు ఇచ్చి పంపేవాళ్లు.

చదువుకున్న డాక్టర్లందరికీ తెలిసిన సంగతే ఇది, కొత్తగా నేను కనిపెట్టిందేమీ లేదు. చర్మం తెగే క్షణానికి మందు రక్తంలో ఉండాలి. అందుకని కోతకు ముందు, గంట లోపల ఇవ్వాలి. ఆపరేషన్ బాగా పొడుగు సాగితేనో, రక్తం ఎక్కువ పోతేనో మధ్యలో మళ్లీ ఒకసారి ఇస్తాం. కొన్ని చిన్న ఆపరేషన్లకు అసలు ఇవ్వనే అక్కర్లేదు. శుభ్రమైన ఆపరేషన్ అయితే కుట్లు పడ్డాక ఆ మందుతో పని లేదు. నిజంగా చీము పట్టినప్పుడు ఇచ్చేది వేరు. అది వైద్యం, ఇది కాపలా. ఇంత చిన్న సంగతికి నేను అన్నేళ్లు గొంతు చించుకోవలసి వచ్చింది.

మొదటి అలవాటును నేను విరిచాను. మార్చాను అనడం మర్యాదగా ఉంటుంది గానీ, జరిగింది విరవడమే. ఒకరోజు వార్డులో సూది ఇవ్వనివ్వలేదు. సర్జన్ హడావిడిగా వచ్చి, గౌను తొడుక్కుని, కత్తికి చెయ్యి చాపాడు.

"ఆగండి సార్. యాంటీబయాటిక్ ఇప్పుడే ఎక్కిస్తున్నాను" అన్నాను.

"పొద్దున ఇచ్చారుగా?"

"ఇవ్వలేదు. నేనే ఆపించాను."

"మేడం, నాకు ఇంకో రెండు చోట్ల కేసులున్నాయి."

"పేషంటుకు ఇదొక్కటే సార్."

మాస్కు పైన ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నేను సిరంజిని తొందరపడకుండా తోశాను. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నాతో ముక్తసరిగా మాట్లాడాడు. కానీ సూది మాత్రం కోతకు ముందు, నా చేతి మీదుగానే పడటం మొదలైంది. రెండో అలవాటు జోలికి మాత్రం నన్ను రానివ్వలేదు. "థియేటరు లోపల మీ రాజ్యం. తలుపు దాటాక పేషంటు నావాడు" అన్నాడు. నా రాజ్యం ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఈ పంతం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. పుస్తకాలు ఆయనా చదివాడు. నాకు మా మామ నుంచి వచ్చింది.

మామంటే మా మేనత్త భర్త. జిన్నారం వైపు కంపెనీల్లో డ్రమ్ములు ఎత్తి దించే పని చేసేవాడు. ఆయనకు జలుబు చేస్తే ఒక గోలీ, ఒళ్లు నొప్పులైతే ఒక సూది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కూర్చుంటే, ఎందుకొచ్చావని కూడా అడక్కుండానే సిరంజి తీసేవాడట. ఒకసారి లారీ తగిలి కాలు విరిగితే వేరే ఊళ్లో ఆపరేషన్ చేశారు. "ఎందుకైనా మంచిది" అని వారాల తరబడి మందులు ఎక్కించారు. అయినా పుండు చీము పట్టింది. మందు మార్చారు. దానికంటే పెద్దది అన్నారు, ఇంకా పెద్దది అన్నారు. చివరికి చీము పరీక్ష చేసినవాళ్లు, దీంట్లో ఉన్న క్రిములు మన దగ్గరున్న ఏ మందుకూ లొంగడం లేదని చెప్పేశారు.

నేను అప్పటికి కొత్తగా డాక్టరునయ్యాను. అత్త నన్ను వరండాలోకి పిలిచింది. ఆ వరండాలోంచి చూస్తే దూరంగా కంపెనీల గొట్టాలు, పొగ కనబడుతున్నాయి.

"గిన్ని కంపెనీలు మందులే చేస్తున్నయి గద బిడ్డా. మీ మామకు ఒక్క మందు దొరకదా?"

"అన్నీ ముందే వాడి వాడి ఒడగొట్టుకున్నం అత్తా. ఇగ ఏదీ పనిచేస్తలేదు" అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు తోచలేదు. మామ పోయాడు. మా వృత్తిలో ఎన్ని కష్టమైన మాటలున్నా, "ఎందుకైనా మంచిది" అనే మాట వింటే నాకు మండినట్టు మరి దేనికీ మండదు. ఎందుకు, ఎవరికి మంచిది? ఆ ప్రశ్న అడిగితే ఇప్పటికీ ఒక్కరూ సరిగ్గా జవాబు చెప్పరు.

ఆ తర్వాత పొలం పనంతా అత్త ఒక్కతే చూసుకునేది. వాళ్లది గుమ్మడిదల దగ్గరి పల్లె. ఊరి పక్క వాగులో కంపెనీల నీళ్లు కలిసి కొన్ని రోజులు నురుగు తేలుతుంది, కొన్ని రోజులు ముక్కు మూసుకోవాలి. అధికారులకు కాయితాలు పెట్టీ పెట్టీ ఊళ్లోవాళ్లు అలిసిపోయి దాని మీద ఎకసెక్కాలు ఆడటం మొదలుపెట్టారు. "మా ఊర్ల జరమొస్తే డాక్టర్ దగ్గరికి పోము. వాగుల ఒక మునుగు మునిగితే చాలు, అన్ని మందులు అండ్లనే ఉన్నయి" అని అత్తే నవ్వేది. నాకు ఆ నవ్వు నచ్చేది కాదు.

ఆమెకు బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. గడ్డిమోపులు ఎత్తీ ఎత్తీ పేగు బయటికి పొడుచుకొచ్చేది. చీర బిగించి కట్టుకుని, వేలితో లోపలికి నెట్టుకుని, మళ్లీ మోపు ఎత్తేది. ఒకనాడు అది ఇరుక్కుని నొప్పితో గిలగిలా కొట్టుకుంటే తప్ప ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. ఆ పూటకు ఎలాగో లోపలికి పోయింది గానీ, ఇక ఆగే పని లేదని మా ఆసుపత్రిలోనే చేయిద్దామన్నాను.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. అత్త కొడుకు, నాకంటే పెద్దవాడు. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో, గోలీలు స్ట్రిప్పుల్లోకి ఎక్కే మిషన్ మీద పని. యాంటీబయాటిక్ గోలీలే. ఆ కంపెనీ అంటే బావకు కన్నబిడ్డ మీద ఉన్నంత ప్రేమ. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా మెడికల్ షాపుకు పోయి, "మా కంపెనీ మాల్ ఇయ్యి" అని అడిగి, స్ట్రిప్పు వెనక అచ్చును వేలితో తడిమి చూసుకుని మరీ కొంటాడు. అది తలనొప్పికి కాదురా బాబూ అంటే వినడు. మా ప్రాంతంలో ఇలాంటివాళ్లు ఒక్క బావే కాదు. వరి పండించినవాడు తన బియ్యమే తింటాడు గదా, వీళ్లూ అంతే.

ఆపరేషన్ మాట చెప్పడానికి నేను ఇంటికి పోతే, వాకిట్లోనే మొదలుపెట్టాడు.

"ఏంది మరదలా, ఒక్కటే సూది అంటున్నవట?"

"అవు బావా. కోసే ముందు ఒక్కటి. తర్వాత నొప్పికి గోలీలిస్తం, గంతే."

"మా కంపెనీల లారీలకు లారీలు నింపి దేశదేశాలకు పంపుతం. మా అమ్మకు మాత్రం ఒక్కటే సూదా? గిదేం పిసినారితనం?"

"నువ్వు చేస్తున్నవని మీ అమ్మ తినాల్నా? చెప్పులు కుట్టేటోని తల్లి దినాం పది జతలు తొడుక్కుంటదా?"

"నన్ను చేసుకుంటే అయిపోతుండె. దినాం గీ లొల్లి ఇంట్లనే ఉంటుండె, దవాఖాన దాక పోకపోతుండె" అన్నాడు బావ. అత్త పకపకా నవ్వింది. నవ్వి, పొట్ట పట్టుకుని, "నాకు సమజయ్యేటట్టు చెప్పు" అంది నాతో.

"జొన్న చేనుకు కావలి ఎప్పుడు ఉంటరు అత్తా?"

"కంకి మీద పిట్టలు వాలేటప్పుడు."

"పంట కోసి ఇంట్ల పోసినంక కూడా మంచె ఎక్కి వడిసెల తిప్పేటోన్ని ఏమంటరు?"

"పిచ్చోడంటరు."

"డాక్టర్ అని కూడా అంటరు."

అత్త ఈసారి నవ్వలేదు. కాసేపు నా మొహం చూసి, "మీ మామకు గదే చేసిండ్రు గదా" అంది. "సరే. ఒక్కటే ఇయ్యి." బావ గేటు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ రోజున సర్జన్ మామూలుగానే ఆలస్యం. హైవే మీద ఏదో ట్యాంకరు ఆగిపోయిందట. సిస్టరు ట్రే పట్టుకుని రెండుసార్లు నా దగ్గరికి వచ్చింది, "ఇచ్చేద్దామా మేడం?" అంటూ. వద్దన్నాను. ఆయన వచ్చి చేతులు కడుక్కుంటున్నప్పుడు అత్తకు మందు ఎక్కించాను, తర్వాత మత్తు ఇచ్చాను. కళ్లు మూతపడేముందు, "మంచె ఎక్కినవా?" అని అడిగింది. ఎక్కానన్నాను. పేగు మళ్లీ పొడుచుకురాకుండా పొట్ట లోపల వలలాంటి జాలీ పెట్టి కుట్టేశారు. ఎక్కడా ఇబ్బంది కాలేదు.

చేతి తొడుగులు విప్పుతూ సర్జన్ మామూలుగా రోజుల తరబడి ఇచ్చే మందు చెప్పబోయాడు.

"ఈ పేషంటుకు వద్దు సార్."

"తలుపు దాటాక పేషంటు నావాడని ఒప్పుకున్నారు మీరు."

"ఒప్పుకోలేదు, ఊరుకున్నాను. ఈవిడ మా మేనత్త. ఈసారి ఊరుకోను."

"చీము పడితే?"

"పడితే అప్పుడు వైద్యం చేద్దాం. బాధ్యత నాది. మందులు ఆపించింది నేనని ఎవరి ముందైనా చెప్తాను."

ఆయన నన్ను, బల్ల మీదున్న అత్తను మార్చి మార్చి చూశాడు. "మీ అత్త, మీ తలనొప్పి" అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి అత్త నీళ్లు తాగి, జావ తాగి, లేచి నాలుగడుగులు వేసింది. చేతికున్న సూది నేనే తీసేసి, దూది అదిమి పట్టాను. నా రాజ్యం మొదటిసారి ఆ తలుపు దాటి బయటికి వచ్చిందని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మర్నాడు ఊరంతా దిగింది. అందరికంటే ముందు వచ్చింది వాళ్ల పక్కింటి గాజులమ్మే ఆవిడ. ముస్లిం కుటుంబం, అత్తకు చిన్నప్పటి నుంచీ జత. బొండం కింద పెట్టకముందే చెయ్యి చూసేసింది.

"అరె, ఏంది వదినా, చేతికి ఏం లేదు? గులుకోస్ గూడ పెట్టలేదా?"

"అవసరం లేదన్నది మా కోడలు."

"యా అల్లా, ఇంటి మనిషి అని ఫుకట్ల చేస్తున్నరా ఏంది? మా మరిదికి అపెండిక్స్ అయితే రెండు చేతులకు పెట్టిండ్రు!"

ఆ 'రెండు చేతులకు' అనే మాట వార్డంతా వినబడింది. పక్క మంచాల వాళ్లు తమ సూదులు ఒకసారి చూసుకుని, అత్తను జాలిగా చూశారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నోటిదాకా వచ్చింది గానీ, అత్త నా వంక చూసి కళ్లతోనే ఆగమంది. "సూదులు బంగారు గాజులా ఏంది, రెండు చేతులకు వేసుకోనీకి? నువ్వన్న అమ్ముకొచ్చినవా?" అంది ఆవిడతో. గాజులావిడ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అత్తకు ఇక రోజులు దగ్గరపడ్డాయని ఆమెకు గట్టి అనుమానం.

బావ మాత్రం నవ్వలేదు. మెడికల్ షాపు నుంచి వాళ్ల కంపెనీ గోలీలు తెచ్చి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను జేబులోంచి లాగేసుకున్నాను. "నా పైసలతోని కొన్న" అన్నాడు. "పైసలు నీవే, పొట్ట మీ అమ్మది" అన్నాను. ఆయన చేతులు దులుపుకుని బయటికి పోయాడు. అంత తేలిగ్గా వదిలేసినందుకు అప్పుడే నాకు అనుమానం రావలసింది.

కుట్లు ఇంకా విప్పకముందే, అత్త వార్డులోనే ఉండగా, ఒకరోజు నేను సంగారెడ్డిలో ఒక కాన్పు కేసు మీద ఉన్నాను. బయటికి వచ్చేసరికి మా ఆసుపత్రి డ్యూటీ డాక్టరు ఫోను. "మేడం, మీ అత్తగారికి కుట్ల దగ్గర ఉబ్బింది. తడి కూడా వస్తోంది. సార్‌కు ఫోన్లో చెప్తే, ఎందుకైనా మంచిది, సూదులు మొదలుపెట్టమన్నారు. కానీ ఆవిడ చెయ్యి ఇవ్వడం లేదు."

వెంటనే కారు తీశాను. కంది ఊరు దాటాను, రుద్రారం దాటాను, ఇస్నాపూర్ దగ్గర కంపెనీ షిఫ్టు బస్సుల వెనక ఇరుక్కుపోయాను. భయమేసింది. నా మీద నాకు అనుమానం కలగలేదు గానీ, భయమేసింది. శాస్త్రం ఎంత గట్టిదైనా, ఎంత చేసినా ఎక్కడో ఒకరికి చీము పడుతుంది. ఆ ఒకరు అత్తే అయితే? లోపల జాలీ ఉంది, దానికి పడితే మాటలు కాదు. అప్పుడు నేను ఆపించిన సూదుల వల్లే పట్టిందని ఊరూ వాడా అంటుంది. అంటే అననీ. వరండాలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషికి ఇప్పుడు రెండోసారి ఏం చెప్పాలి? ముందున్న బస్సు మీద హారను మోగిస్తూనే ఉన్నాను. అది నా కోసం ఒక్క అంగుళం జరగలేదు.

వార్డులో అత్త మంచం మీద నిటారుగా కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని ఉంది. సిస్టరు ట్రేతో ఒక పక్క, బావ ఇంకో పక్క.

"మా కోడలు వచ్చేదాక చెయ్యి ఇయ్యనన్న" అంది నన్ను చూడగానే. "నిజం చెప్పు. చీమా గిది?"

"చూడనియ్యి."

నుదుటి మీద చెయ్యి పెట్టాను. వేడి లేదు, నాడి నిదానంగా ఉంది. కట్టు విప్పాను. కుట్ల కింద నిమ్మకాయంత ఉబ్బు. చుట్టూ ఎరుపు పాకలేదు. నొక్కితే అత్త నన్ను తిట్టింది గానీ అరవలేదు. దూదికి అంటిన తడిని వెలుతురులో పెట్టి చూశాను. గంజి మీద తేరిన తేటలా పలచగా ఉంది. వాసన లేదు. జాలీ పెట్టిన చోట ఇలా నీరు చేరడం ఉన్నదే. చాలామట్టుకు దానంతటదే ఇంకిపోతుంది.

"చీము కాదు అత్తా. నీరు."

"నీరేంది నీరు?" బావ గొంతు వార్డంతా మోగింది. "మా నాయనకు గూడ ముందు గిట్లనే తడి వచ్చింది. నువ్వు పంతానికి పోయి మా అమ్మను గూడ చంపుతవా?"

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. అయినా తల దించలేదు.

"చీమైతే నువ్వు అడగక్కర్లే బావా. నా చేతులతోని నేనే సూది పెడ్త, ఎన్ని రోజులైనా పెడ్త. ఇది చీము కాదు. చీము కాని దానికి మందు నేను ఇయ్య."

సర్జన్‌కు ఫోన్ చేశాను. "వచ్చి చూడండి సార్. చూసి చీము అంటే మీ ముందే మొదలుపెడతాను. చూడకుండా, ఫోన్లో ఎందుకైనా మంచిది అంటే మాత్రం ఒప్పుకోను."

ఆయన సాయంత్రం వచ్చాడు. ఎంత కోపంతో వచ్చాడో బూట్ల చప్పుడులోనే తెలిసింది. అయినా ఆయన పనిలో మాత్రం మోసం లేదు. చేతులు కడుక్కున్నాడు, ఉబ్బును నాలుగు వైపులా నొక్కి చూశాడు, దూదిని వాసన చూశాడు. ఆ కాసేపూ నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. రోజూ ఊళ్లోవాళ్ల ఊపిరి లెక్కపెట్టే దాన్ని, నాది నేను మరిచిపోయాను.

"నీరే" అన్నాడు. "బిగించి కట్టు కట్టండి. రోజూ చూస్తూ ఉందాం."

"సూదులు?"

"వద్దు" అని, ఆ మాట చేదుగా ఉన్నట్టు మొహం పెట్టాడు. తలుపు దగ్గర ఆగి, "మీ మొండితనం ఏదో ఒకరోజు మిమ్మల్ని ముంచుతుంది మేడం" అన్నాడు.

"ఆ రోజు కూడా మందు కోతకు ముందే ఇస్తాను సార్."

ఆయన పోయాక కట్టు కట్టాను. సిస్టరు ట్రే తీసుకుపోయింది. అత్త కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసింది. కొంగు చివర ఒక ముడి ఉంది. పళ్లతో పట్టి లాగి విప్పి, దుప్పటి మీద బోర్లించింది. కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు, ఒక్కో దాంట్లో ఒక్కో గోలీ, విప్పని గోలీ. అన్నింటి వెనకా బావ వాళ్ల కంపెనీ అచ్చు.

నేను బావ వైపు చూశాను. బావ అత్త వైపు చూస్తున్నాడు.

"మింగలేదా? తిన్నంక ఏసుకుంటున్ననని దినాం చెప్తివి గదనే!"

"చెప్పిన. నువ్వు గిలాస పట్టుకొని నిలబడితివి, ఏం చెయ్యాలె మరి?"

"కొడుకు మాట కన్న మేనకోడలి మాట ఎక్కువైందా నీకు?"

"అది మాటల లెక్క కాదు బిడ్డా." అత్త ఒక గోలీ తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "మీ నాయన పండుకున్నప్పుడు ఒక్క మందు దొరకలె. అన్నీ ఒడిసిపోయినయన్నరు. నాకు అక్కర లేనిది నేను మింగి, దీన్ని గూడ ఎందుకు ఒడగొట్టాలె? రేపు నీకు కాలో చెయ్యో తెగితే నీకన్న దొరకాలె గద."

బావ మంచం అంచున కూర్చున్నాడు. ఆ గోలీని జేబులో వేసుకుని, తల్లి ఖాళీ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. సూది ఉండాల్సిన చోటును బొటనవేలితో మెల్లగా రాస్తూ ఉండిపోయాడు.